పాఠ మెవరికో ముందే చెప్పవలదా?



అర్జెంటీనా రాజధానియగు బ్యూనస్ ఎయిర్స్‌లో కాపురమున్న మా పినతల్లి కూతురు ఇటీవల నాకొక జాబు వ్రాసినది. ఆమె అచట టాంగో నృత్యము నాఱు వారములుగా నభ్యసించుచున్నది. “అందఱును రావచ్చును, క్రొత్త అడుగులు నేర్పుదుము” అను ప్రకటనను నమ్మి, రుసుము చెల్లించి, ఒకనాటి ప్రత్యేక శిక్షణమునకు బోయినదట. అచట నేర్పినది గాంచో. అనగా తోడుగా నాడువారి కాలికి తన కాలిని కొక్కెమువలె మడచి తగిలించుట. నడకయే కుదురని యామె తడబడి, ఎదుటివారి మోకాలిని తన్ని, సిగ్గుతో గోడప్రక్కను గూర్చుండెనట. “అక్కయ్యా, నాకీ విద్య రాదు” అని వ్రాసినది. రూకలు పోయినందులకు గాదు, ధైర్యము పోయినందులకు నేను చింతించితిని.

టాంగో 19వ శతాబ్ది చివర బ్యూనస్ ఎయిర్స్, మాంటెవిడియో నగరముల పేదవాడలలో బుట్టినది. 2009లో యునెస్కో దీనిని మానవజాతి వారసత్వపు పట్టికలో జేర్చినది. ఇద్దఱు కౌగిట నిలిచి, ఒకరు దారి చూప నొకరు అనుసరించుచు, పాటనుబట్టి అప్పటికప్పుడే అడుగులు కల్పించుకొందురు.

కావున కొందఱు గురువులు, “వివరములేల? వచ్చినవారినిబట్టి పాఠము మార్చుకొందుము” అందురు. ఇందు గొంత నిజము కలదు. అడుగుల పేళ్లన్నియు వరుసగా వ్రాసినచో శిష్యులు వానినే లెక్కించుకొని, నడకను, తాళమును మఱతురు. కాని పాఠములోనిదంతయు జెప్పకుండుట వేఱు. పాఠ మెవరికో చెప్పకుండుట వేఱు.

నా మతమున నాలుగు సంగతులు చాలును. మొదటిది, ముందుగా నేమి వచ్చియుండవలెను. “మధ్యమ తరగతి” యన్న నెవరికిని దెలియదు. “నేలపై ఎనిమిది అంకె గీచినట్లు సాగు ఓచోను తూలక చేయగలవారు” అన్నచో ఎవరికివారే పరీక్షించుకొందురు. రెండవది, జోడుతో రావలెనా, ఒంటరిగా రావచ్చునా. మూడవది, సంగీతము టాంగోయా, మూడు లెక్కల వాల్సా, చురుకైన మిలోంగాయా. నాలుగవది, పాఠము ముగియునప్పటికి దేని నభ్యసించి యుందురు. తక్కినది గురువునకే విడువవలెను.

మా యింటివారు బడిలో భాగహారము చెప్పుటకు ముందు, “ఎక్కములు వచ్చునా?” అని యడుగుదురు. ఆ యొక్క ప్రశ్నవలన నెందఱు పిల్లలకో అవమానము తప్పినది.

చెల్లెలికి నేనిట్లు వ్రాసితిని: “అమ్మా, లోపము నీ కాలిది గాదు, ఆ ప్రకటనది. ఈ మాఱు రుసుము గట్టకముందే, ‘ఏమి వచ్చియుండవలెను?’ అని యడుగుము. బదులు చెప్పువారి యొద్దనే నేర్చుకొనుము.”