పెంకులో దాగిన సాక్ష్యం

మన పూర్వులు జీవకోటిని జరాయుజములు, అండజములు, స్వేదజములు, ఉద్భిజ్జములు అని నాలుగు విధాలుగా విభజించారు. చెమట నుండి పురుగులు పుడతాయన్న భావన నేడు నిలువదు. ఆ క్రిమికీటకాలలోనూ అత్యధికం అండజములే. పాలిచ్చే జంతువేదీ గుడ్డు పెట్టదన్న పాశ్చాత్యుల నమ్మకమూ 1884లో సడలింది. ఆ యేడు కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞుడు విలియం కాల్డ్‌వెల్ ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నుండి పంపిన తంతి, ప్లాటిపస్ వర్గపు జంతువులు గుడ్లు పెడతాయన్న వార్తను మాంట్రియల్‌లో సమావేశమైన బ్రిటిష్ అసోసియేషన్‌కు చేర్చింది. ఆ పరిశోధనలో బలి అయిన ఎకిడ్నాలు వందలలో ఉన్నాయి. విజ్ఞానశాస్త్రం చేతులు ఎల్లవేళలా పరిశుభ్రం కావని ముందే అంగీకరించి అసలు విషయానికి వస్తాను.

2024 నవంబరులో బ్రిటన్‌లో పలుచోట్ల పోలీసులు సోదాలు జరిపి ఆరు వేలకు పైగా అడవిపక్షుల గుడ్లను పట్టుకున్నారు. విక్టోరియా కాలంలో గుడ్ల సేకరణ పెద్దమనుషుల వినోదం. వైద్యులు, మతాచార్యులు సైతం చెట్లెక్కి, కొండచరియలు దిగి గూటిలోని గుడ్లన్నీ ఊడ్చుకొని వచ్చేవారు. పక్షి ఎంత అరుదైనదైతే సేకర్తకు అంత ప్రతిష్ఠ! 1954 నాటి చట్టం ఈ వేడుకను నేరంగా మార్చింది. 1954కు ముందు సేకరించినవని చూపలేని గుడ్లను దగ్గర ఉంచుకొనడం సైతం నేరమే. ఇంగ్లండు, వేల్సులలో 2000 నాటి చట్టం కారాగార శిక్షకూ వీలు కల్పించింది. ఈ కాఠిన్యం సమంజసమేనని నా అభిప్రాయం.

అయితే పట్టుబడిన గుడ్లన్నింటినీ పగులగొట్టి పారవేయాలనే వారితో మాత్రం నేను ఏకీభవించలేను. అందుకు కారణం ఒక డేగ కథ.

అది పెరెగ్రిన్ డేగ. మన వేటగాళ్ల భాషలో బైరి. ఈ డేగలు మితిమీరి పెరిగి తమ పందెపు పావురాలను తింటున్నాయని పావురాల పెంపకందార్లు మొరపెట్టుకోగా, డెరెక్ రాట్‌క్లిఫ్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఆధ్వర్యంలో 1961లో లెక్కింపు మొదలైంది. తేలినది అందుకు పూర్తిగా విరుద్ధం! డేగలు వేగంగా అంతరిస్తున్నాయి. గూళ్లలో పగిలిన గుడ్లు కనిపించడం రాట్‌క్లిఫ్ అంతకు ముందే గమనించి ఉన్నాడు. పెంకులు పలుచబడ్డాయా అన్న సందేహం కలిగింది. కాని పూర్వపు పెంకులు ఎక్కడ దొరుకుతాయి?

అవి సేకర్తల సొరుగులలో ఉన్నాయి. లోపలి సొన తీసివేసిన గుడ్డును పగులగొట్టనక్కర లేకుండా, పెంకు బరువును పొడవు వెడల్పుల లబ్ధంతో భాగించి మందాన్ని అంచనా వేసే సులభ సూత్రాన్ని ఆయన రూపొందించాడు. దశాబ్దాల నాటి పెంకులను తూచి చూడగా 1947 ప్రాంతం నుండి డేగ గుడ్ల పెంకు దాదాపు ఐదోవంతు తేలికైపోయినట్లు తేలింది. 1967లో ఈ ఫలితాలు ‘నేచర్’ పత్రికలో వెలువడ్డాయి. డి.డి.టి. పొలాలలోకి విస్తారంగా వచ్చిన కాలం సరిగ్గా అదే. ఆ మందు పురుగు నుండి పిట్టకు, పిట్ట నుండి డేగకు చేరి, డి.డి.ఇ.గా మారి, పెంకుకు సున్నం అందకుండా అడ్డుపడుతుంది. పొదగబోయిన తల్లి బరువుకే గుడ్డు చితికిపోతుంది.

ఈ సాక్ష్యం పలికింది పెంకు ఒక్కటే కాదు, దానితో ఉన్న చీటీ కూడా. ఏ రోజున, ఏ కొండపై తీసినదో వ్రాసి ఉంచడం సేకర్తల అలవాటు. ఆ వ్రాత లేని గుడ్డు వట్టి సున్నపు బిళ్ల.

“దొంగసొత్తును అందలం ఎక్కించడమా?” అని అడిగేవారున్నారు. సహేతుకమైన ప్రశ్నే. ప్రదర్శన వద్దు, సేకర్త పేరు కీర్తి కెక్కడమూ వద్దు. వివరాలున్న గుడ్లను మాత్రం పరిశోధకుల కోసం సొరుగులలో భద్రపరచాలి. ట్రింగ్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో అటువంటి ఏర్పాటు ఉన్నది. రేపు మరే విషం పెంకులో బయటపడుతుందో ఎవరు చెప్పగలరు? రాట్‌క్లిఫ్ ప్రశ్నను ఆ గుడ్లు తీసినవారెవరూ ఊహించి ఉండరు కదా!

చిన్ననాడు మా ఊరిలో చూరులోని పిచ్చుక గుడ్లపై చేయి వేయబోతే, “మనిషి చేయి సోకితే తల్లి ఇక పొదగదురా” అని నాయనమ్మ వారించేది. శాస్త్రదృష్ట్యా ఆ మాట చాలావరకు అపోహే. అయినా అది కాపాడిన గూళ్లు ఎన్నో! నా సంతానానికి నేను ఆ మాట చెప్పలేదు. చట్టం పేరు చెప్పాను. అది అంతగా పని చేసినట్లు లేదు.

డి.డి.టి. వంటి మందులపై ఆంక్షలు వచ్చిన తరువాత డేగలు కోలుకున్నాయి. 2014 నాటి లెక్కలో 1,700 జంటలకు పైగా తేలాయి. లండన్‌లోని టేట్ మోడర్న్ గోపురం మీద వాలే డేగలను చూడడానికి జనం దుర్భిణులతో నిలబడ్డారు. నార్విచ్ కెథెడ్రల్ శిఖరం మీది గూటిని కెమెరా ద్వారా ఇంటి నుండే చూసే వీలు కలిగింది. ఒక వసంతంలో మా మనుమడు ఆ ఎర్రమట్టి రంగు గుడ్లను చూపి, “తాతయ్యా, ఇవి మందంగా ఉన్నాయా?” అని అడిగాడు. తూచనిదే తెలియదన్నాను. తూచవద్దన్నాడు.