కెమెరా నింపని గడి

గోదావరి జిల్లాల్లో కెమెరా పట్టుకుని బయల్దేరినవాళ్ళెవరూ వట్టి చేతులతో ఇంటికి రారు. సాయంత్రం పూట రాజమండ్రి పుష్కర ఘాట్‌లో నిలబడితే చాలు. బ్రిడ్జి మీద రైలు, దాని వెనకాల ఎర్రటి సూర్యుడు, ముందు ఒక పడవ, పడవలో నల్లటి నీడలా ఒక మనిషి. కోనసీమ వెళ్తే కాలవ గట్టు, అటూ ఇటూ కొబ్బరిచెట్లు. కడియం వెళ్తే పూలు. పాపికొండలు వెళ్తే మంచు. ఇంత దయగల నది పక్కన ఉండి మనం మంచి ఫొటోలు తీస్తున్నామంటే, అందులో మన గొప్ప కంటే నది గొప్పే ఎక్కువని నా అభిప్రాయం.

నాకు పేచీ ఉన్నది ఆ పడవలోని నీడతో. ఆయన పేరేంటి? ఆ వేళప్పుడు ఎక్కడికి వెళ్తున్నాడు? ఫొటో తీసినవాళ్ళకి తెలియదు, లైక్ కొట్టినవాళ్ళకీ అక్కర్లేదు.

నేను చదివేది ఈసీఈ మూడో సంవత్సరం. ఫొటో జర్నలిజం నా సిలబస్‌లో లేని సబ్జెక్టు. హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో అయితే ఫొటోగ్రఫీకి ఏకంగా బీఎఫ్‌ఏ డిగ్రీయే ఉంది. నాకున్నది క్లబ్బు కెమెరా, మిడ్ ఎగ్జామ్స్ లేని ఆదివారాలు. రెండేళ్ళుగా వాటితోనే నేర్చుకుంటున్నాను. అపర్చర్, షట్టర్, ఐఎస్ఓ మొదటి నెలలోనే వచ్చేశాయి. మూడు వేరియబుల్స్ ఉన్న లెక్క ఇంజనీరింగ్ వాళ్ళకి ఒక లెక్కా! ఇప్పటికీ పూర్తిగా రానిది క్యాప్షన్ రాయడం. ఈ చదువులో అసలు కష్టమైన పేపర్ అదేనని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

ఎందుకో మన భాషలోనే చెప్తా. ఫొటో తీయగానే కెమెరా ఆ ఫైల్లో ఎగ్జిఫ్ అనే సమాచారం రాసిపెడుతుంది. తేదీ, టైము, షట్టర్ స్పీడు, లెన్స్, ఫోనైతే జీపీఎస్ కూడా. మనం ఏమీ చేయక్కర్లేదు. అదే ఫైల్లో ఐపీటీసీ అని ఇంకో భాగం ఉంటుంది. ఐపీటీసీ అంటే వార్తాసంస్థలు కలిసి 1965లో పెట్టుకున్న మండలి. వాళ్ళు నిర్ణయించిన గడుల్లో ఫొటో వివరణ, తీసినవారి పేరు, ఊరు వగైరా రాయొచ్చు. అందులో ‘ఫొటోలో ఉన్న వ్యక్తి’ అని కూడా ఒక గడి ఉంది. లక్ష రూపాయల కెమెరా కొన్నా ఆ గడిని అది నింపదు. మనమే వెళ్ళి, ఆ మనిషితో మాట్లాడి, నింపాలి. (తీరా నింపాక వాట్సాప్‌లో మామూలు ఫొటోలా పంపితే ఆ సమాచారం ఊడిపోతుంది. డాక్యుమెంటుగా పంపండి.)

మొన్న ఫెస్ట్‌లో మన ఫొటో ఎగ్జిబిషన్ చూశారు కదా. మనుషులున్న ఫొటోల కిందన్నీ ‘హోప్’, ‘స్ట్రగుల్’, ‘ఇన్నోసెన్స్’ లాంటి పేర్లే. తీసినవాళ్ళ పేరు, బ్రాంచి, రోల్ నంబరు, కెమెరా మోడల్ అన్నీ కార్డు మీద ఉన్నాయి. ఫొటోలో ఉన్న మనిషి పేరు ఒక్క కార్డు మీదా లేదు. ఆ ముసలాయన బుగ్గ మీది ముడతలు ఎంత బాగా పడ్డాయో అని మనం ముచ్చటపడ్డాం. ఆయన ఏ ఊరాయనో ఎవరూ అడగలేదు.

కుమారదేవంలోని సినిమా చెట్టు సంగతే చూడండి. కొవ్వూరు దగ్గర గోదారి గట్టున నూట యాభై ఏళ్ళనాటి నిద్రగన్నేరు చెట్టు. 2024 ఆగస్టులో కూలిపోయినప్పుడు పత్రికలన్నీ రాశాయి. దాని వయసు, నాటినవారి పేరు, దాని కింద తీసిన సినిమాలు, అన్నీ వచ్చాయి. రావలసిందే, నేనూ బాధపడ్డాను. కానీ ఒక చెట్టుకి దక్కిన పాటి క్యాప్షన్, ఆ గట్టు మీద రోజూ మేకలు మేపుకునే మనిషికి మన ఫొటోల్లో ఎందుకు దక్కదు?

‘మంచి ఫొటో దానంతట అదే మాట్లాడుతుంది, పేరెందుకు?’ అని మా క్లబ్బులో ఒక వాదన ఉంది. దానికి జవాబు 1936లోనే దొరికింది. ఆ ఏడాది అమెరికాలో డొరొతియా లాంజ్ అనే ఫొటోగ్రాఫర్ కాలిఫోర్నియాలో బఠాణీ తోటల కూలీల క్యాంపుకి వెళ్ళి, పిల్లల్ని ఆనుకుని కూర్చున్న ఒక తల్లిని ఫొటో తీసింది. ‘మైగ్రంట్ మదర్’ అని లోకమంతా తెలిసిన ఫొటో అది. వయసు ముప్ఫై రెండు అని రాసుకుంది గానీ పేరు రాసుకోలేదు. ఫొటోలు పత్రికలో రాగానే ఆ క్యాంపుకి బోలెడు తిండి సాయం వచ్చింది. అప్పటికే ఆ కుటుంబం పని వెతుక్కుంటూ వేరే చోటికి వెళ్ళిపోయింది. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని ప్రపంచానికి తెలిసింది 1978లో, నలభై రెండేళ్ళ తర్వాత. ఆ ఫొటో తీయకుండా ఉంటే బాగుండేదని, తన పేరు కూడా అడగలేదని ఆమె అంది. ఇరవయ్యో శతాబ్దంలో అంత గట్టిగా ‘మాట్లాడిన’ ఫొటో ఇంకోటి చూపించడం కష్టం. అది కూడా ఆమె పేరు మాత్రం చెప్పలేకపోయింది.

క్యాప్షన్ ఏం చేయగలదో పి. సాయినాథ్ ఫొటోల్లో చూశాను. 1993 నుంచి 2002 వరకు పది రాష్ట్రాల్లో పల్లెటూరి ఆడవాళ్ళ పనిని ఆయన ఫొటోలు తీశారు. 2014లో ఆయన మొదలుపెట్టిన పారి వెబ్‌సైట్‌లో అవన్నీ ఉన్నాయి. ఒక ఫొటోలో భూస్వామి నిటారుగా నిలబడి పోజిచ్చాడు. వెనక పొలంలో ఒడిశా రాయగడ నుంచి వచ్చిన ఆడకూలీలు వరసగా నడుం వంచి ఉన్నారు. రోజుకి 40 రూపాయలు ఇస్తున్నానని ఆయన చెప్పాడు. 25 ఇస్తున్నాడని వాళ్ళు చెప్పారు. ఏ లెన్స్ పెట్టినా ఆ పదిహేను రూపాయల తేడా కనపడదు. ఇద్దర్నీ అడిగి, రెండూ రాసుకున్నారు కాబట్టే మనకి తెలిసింది.

ఇక మన ఊళ్ళకి వద్దాం. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు వచ్చింది. అప్పట్నుంచి రీల్స్‌కి లెక్కే లేదు. బోర్లించిన కుండ, కింద కొబ్బరాకుల మంట, పల్చటి పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్క లాగు లాగితే పొగమంచు లాంటి రేకు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. నేనూ అలాంటి ఒక ఇంటికి మూడు ఆదివారాలు వెళ్ళాను. మొదటి ఆదివారం కెమెరా బయటికి తీయలేదు. రెండోసారి రేకులు తీసే ఆవిణ్ణి పేరు, ఎన్నేళ్ళుగా చేస్తున్నారు, పొగకి కళ్ళు మండవా అని అడిగాను. అన్నిటికీ చెప్పి, చివర్లో అంది: "చేతులు తీసుకో అమ్మాయ్, మొహం వద్దు. పేరూ వద్దు. ఇంకో ఇంటికి పనికెళ్ళాల్సిన దాన్ని." అందుకే నా దగ్గరున్న ఫొటోల్లో చేతులే ఉన్నాయి. పేరు నా నోటుబుక్కులో ఉంది, అక్కడే ఉంటుంది.

పేరు వేస్తే వాళ్ళకే ఇబ్బంది రావచ్చని అనేవాళ్ళు ఈ మాట గమనించాలి. నిజమే, రావచ్చు. రొయ్యల షెడ్డులో పనిచేసే అమ్మాయి మొహం, పేరు బయటపెడితే రేపట్నుంచి పని ఉండకపోవచ్చు. ఆ సంగతి ఆమెకి మనకంటే బాగా తెలుసు. పేరు అడిగినప్పుడే ‘వద్దు’ అనే అవకాశం ఆమెకి దొరుకుతుంది. దూరం నుంచి జూమ్ చేసి తీసుకుపోతే ఆ అవకాశం మనం లాగేసుకున్నట్టే.

‘వరదల్లో పేర్లు అడుగుతూ కూర్చుంటామా?’ అన్నది రెండో ప్రశ్న. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జూలైలో మూడోదీ దాటి, 25 లక్షల క్యూసెక్కులకి పైగా నీళ్ళు సముద్రంలోకి పోయాయి. 1986లో అయితే 35 లక్షలు. ఇలాంటప్పుడు ఎవరి ప్రాణం వాళ్ళకి ముఖ్యం, నోటుబుక్కు తీసే వీలుండదు. అందుకే వరద ఫొటోకి రెండో భాగం ఉండాలి. ఏటా కనకాయలంక కాజ్‌వే మునగగానే అందరం అదే పడవ ఫొటో వేస్తాం. నీళ్ళు తీశాక ఆ లంకల వైపు ఒక్క కెమెరా కూడా పోదు.

నిరుడు వరదప్పుడు ఒక లంక ఊరి రేవులో, ప్లాస్టిక్ కవర్ గుండెకి హత్తుకుని పడవ దిగుతున్న ఒక పెద్దాయన్ని తీశాను. మళ్ళీ వస్తానండీ అని చెప్పి, ఊరి పేరు రాసుకున్నాను. దసరా సెలవుల్లో ప్రింటు పట్టుకెళ్ళాను. ఆయన ఫొటోని చాలాసేపు చూసి, "కవర్లో పొలం కాయితాలండి. కాయితాలు తడవనివ్వలేదు. పొలమే గోదాట్లో కలిసిపోయింది" అన్నారు. గట్టు కోసుకుపోయిన చోటికి తీసుకెళ్ళి, నీళ్ళ మధ్యలోకి చెయ్యి చూపించి, అక్కడిదాకా మాదేనండి అన్నారు. ఆ చెయ్యి చూపిస్తున్న ఫొటో పెద్ద అందంగా ఏమీ లేదు. ఎండ నెత్తి మీదుంది, కాంపోజిషన్ అంతంత మాత్రం. వరద గురించి నా దగ్గరున్న వాటిలో నేను నిలబడగలిగే ఫొటో మాత్రం అదొక్కటే. ‘హోప్’ అని పేరు పెట్టి ఎగ్జిబిషన్‌లో తగిలించడానికి మొదటి ఫొటో సరిగ్గా సరిపోయేది.

కొన్నిసార్లు ఎంత తిరిగినా పేరు దొరకదు. 1984 భోపాల్‌లో మట్టిలో పూడుస్తున్న పసిబిడ్డ ఫొటోని రఘు రాయ్, పాబ్లో బార్తోలోమ్యూ ఇద్దరూ తీశారు. ఆ బిడ్డ ఎవరో ఈ రోజుకీ తెలియదు. అలాంటప్పుడు ‘తెలియదు’ అని రాయడం కూడా క్యాప్షనే. వెతికాక రాసే ‘తెలియదు’కి, అసలు అడక్కుండా వదిలేసిన ఖాళీకి చాలా తేడా ఉంది.

అందుకని మన ఫొటోగ్రఫీ క్లబ్బుకి ఒక ప్రతిపాదన. వచ్చే ఎగ్జిబిషన్ ఎంట్రీ ఫారంలో కెమెరా మోడల్, లెన్స్ అనే రెండు గడులూ తీసేద్దాం. వాటి బదులు మూడు పెడదాం: ఫొటోలో ఉన్నదెవరు? ఏం చెప్పారు? వేయడానికి ఒప్పుకున్నారా? పేరు వద్దన్నారంటే అదే రాయండి. సూర్యాస్తమయాలకి ఈ నియమం లేదు, వాటిని మామూలుగానే పంపండి. మనుషుల్ని తీసినవాళ్ళు మాత్రం ఒక ప్రింటు వేయించి వాళ్ళకి ఇచ్చిరావాలి. రెండు సమోసాల ఖర్చు కూడా కాదు. ఎంట్రీలు సగానికి సగం తగ్గిపోతాయని తెలుసు. తగ్గనివ్వండి. మిగిలిన సగంలో, మన పక్క ఊళ్ళో మనకి తెలియకుండా బతుకుతున్నవాళ్ళు ఎవరో కొంతమందిని మొదటిసారి పేరు పెట్టి పిలుస్తాం.