విండోస్ 7 డిస్క్‌లో అప్‌డేట్స్ కలపాలా? కలపాలి.. కానీ మీ చేత్తోనే!

"ఇంకా విండోస్ 7 ఏంటి బాస్?" అని అడిగేవాళ్లకి ముందే చెప్పేస్తున్నా. పేజ్‌మేకర్, అను ఫాంట్స్ మీద నడిచే డీటీపీ షాపులు, కొత్త విండోస్‌కి డ్రైవర్ దొరకని పాత స్కానర్లు ఉన్నంతకాలం ఎవరో ఒకరు మన దగ్గరికి వస్తూనే ఉంటారు. అప్పుడు చాలామంది చేసే పని ఒకటే. "అన్ని అప్‌డేట్స్ కలిపేసిన, యాక్టివేట్ కూడా చేసేసిన" ఐఎస్ఓ ఒకటి టొరెంట్ నుంచి దించేయడం.

నేనూ చేశాను. ఓ డీటీపీ షాపులో ఇన్‌స్టాల్ అయ్యాక చూస్తే ఫైర్‌వాల్ ఆఫ్‌లో ఉంది, నేను క్రియేట్ చేయని అడ్మిన్ అకౌంట్ ఒకటి కూర్చుని ఉంది. షాపు ఓనర్ బ్యాంకు లాగిన్ అయ్యేదీ ఆ సిస్టమ్‌లోనే! వెంటనే ఫార్మాట్ కొట్టేశా.

అలాగని 2011 నాటి ఎస్‌పీ1 డిస్క్ ఉన్నదున్నట్టు వేస్తే సరిపోదు. 2019లో మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ల డిజిటల్ సంతకాన్ని షా-2కి మార్చేసింది. పాత డిస్క్‌తో వేసిన విండోస్‌కి ఆ సంతకం అర్థం కాదు, అప్‌డేట్ ఎర్రర్ కొట్టి ఆగిపోతుంది. యాంటీవైరస్‌లు, డ్రైవర్లు కూడా ఇప్పుడు ఆ సంతకంతోనే వస్తున్నాయి.

పని మరీ కష్టమేం కాదు. ఒరిజినల్ ఐఎస్ఓని ఫోల్డర్‌లోకి తీసి, సోర్సెస్‌లోని ఇన్‌స్టాల్.విమ్ ఫైల్‌ని డీఐఎస్ఎమ్ కమాండ్‌తో మౌంట్ చేసి, ప్యాకేజీలు యాడ్ చేసి, కమిట్ చేయడమే. దెబ్బ తినేది వరసలో. ముందు సర్వీసింగ్ స్టాక్ అప్‌డేట్ కేబీ3020369 ఉండాలి. ఆ తర్వాతే 2016 మేలో వచ్చిన రోలప్ కేబీ3125574. ఎస్‌పీ1 నుంచి 2016 ఏప్రిల్ దాకా వచ్చిన అప్‌డేట్లలో చాలావరకు ఈ ఒక్కదాంట్లోనే ఉంటాయి. చివర్లో షా-2 కోసం కేబీ4490628, కేబీ4474419. అన్నీ మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ నుంచే తీసుకోండి, ఇంకెక్కడా వద్దు.

ఇంకోటి. ఆ విమ్ ఫైల్‌లో హోమ్ ప్రీమియం, ప్రొఫెషనల్, అల్టిమేట్ వేర్వేరు ఇండెక్స్‌లు. నేను మొదటిసారి ఒకదాంట్లో కలిపి ఇంకోటి ఇన్‌స్టాల్ చేసి, ఏమీ ఎక్కలేదేంటని రెండు గంటలు తల పట్టుకున్నా. నవ్వకండి, మీకూ జరుగుతుంది. కాస్త కొత్త బోర్డులైతే సెటప్‌లోనే కీబోర్డ్, మౌస్ పనిచేయవు, ఎందుకంటే విండోస్ 7లో యూఎస్‌బీ 3.0 డ్రైవర్ లేదు. దాన్ని బూట్.విమ్‌లో కూడా కలపాలి.

ఇంత చేసినా ఆ డిస్క్ సేఫ్ అని నేను చెప్పను. 2020 జనవరి 14తో మామూలు సపోర్ట్ ఆగిపోయింది, ఆ తర్వాత బయటపడ్డ లోపాలకి మన ప్యాక్‌లు అడ్డుపడవు. అందుకే ఆ షాపులో నేను చేసిన డిస్క్‌తో ఇన్‌స్టాల్ చేశాక నెట్ కేబుల్ పీకేశా. పెన్‌డ్రైవ్‌లు స్కాన్ చేశాకే పెడుతున్నారు, బ్యాంకు పని ఓనర్ తన ఫోన్‌లో చేసుకుంటున్నాడు. మొదట్లో కొంచెం గొణిగాడులెండి.