పట్టణము పొరుగూరిని కలుపుకొనినప్పుడు

ప్రహరీగోడను జానెడు ముందుకు జరిపినచో పొరుగింటివారు ఊరకుందురా? పట్టణము తన పొలిమేరను జరిపినప్పుడు మాత్రము మన స్త్రీలలో పెక్కుమంది అది పురుషుల రాజకీయమని యూరకుందురు. కాని ఆ మార్పు మొదట వచ్చి నిలుచునది మన వాకిటనే.

హద్దు మార్చుట రాష్ట్రప్రభుత్వపు ప్రకటనచే జరుగును. అంతట గ్రామ పంచాయతీ పోయి, పల్లె నగరములో నొక వార్డో, వార్డులో నొక మూలయో యగును. విశాఖపట్టణమునే చూడుడు. 2005లో గాజువాక పురపాలకసంఘమును, 32 గ్రామములను కలుపుకొని మహావిశాఖ నగరపాలక సంస్థ యేర్పడినది. 2013లో అనకాపల్లియు, 1861 నాటి పురపాలకసంఘము గల భీమునిపట్టణమును అందు చేరినవి.

నగరము లిట్లు పెరుగుట నిష్కారణము కాదు. నీటిగొట్టము, మురుగుకాలువ, చెత్తబండి పొలిమేరరాయి యొద్ద ఆగిపోరాదు. బిందె మోయుచు దూరము నడచు నిల్లాలికి ఇంటిముందు కొళాయి వచ్చుట చిన్నలాభము కాదు. కావున విలీనమును మేము తప్పుపట్టము.

అయినను, వచ్చినదెంత, పోయినదెంత యని లెక్కచూడవలదా? ఇంటిపన్ను నగరపు రీతిని పడును. గ్రామీణ ఉపాధి హామీ పని పల్లెలకే గాని పట్టణములకు లేదు. వేసవిలో ఆ కూలితో పొయ్యి వెలిగించుకొను స్త్రీకి అది పెద్దనష్టము. ఓటుగల ప్రతి స్త్రీయు కూర్చుండి ప్రశ్నింపదగిన గ్రామసభ యుండదు. ఊరి సర్పంచికి బదులు పెక్కు వాడల కొక్క కార్పొరేటరు మిగులును.

ఆ యొక్కరైన నుండిరా? విశాఖలో 2012 మొదలు 2021 వరకు ఎన్నికైన పాలకవర్గమే లేదు. భీమునిపట్టణము, అనకాపల్లి కలిసినది ఆ నడుమనే. నీరు రాని నాడు తమ వార్డు సభ్యుని గుమ్మము తట్టి యడుగు వీలు అక్కడి తల్లులకు ఏడేండ్లకు పైగా లేకపోయెను. పన్ను వసూలుకు మాత్రము ఎన్నికతో పనిలేదు గదా!

సోదరీమణులారా! మీ ఊరి విలీనము మాట వినబడగానే గ్రామసభకు పొండు. నీరెన్నడు వచ్చును? పన్నెంత పెరుగును? ఎన్నిక యెప్పుడు? అని యడిగి, జవాబును తీర్మానములో వ్రాయించుడు. ప్రకటన వెలువడిన పిదప అడుగుటకు ఆ సభయే యుండదు. పిల్లనిచ్చుటకు ముందు ఆ యింటి నీటివసతి విచారింతుము. ఊరినే యిచ్చునప్పుడు విచారింపవలదా?