పాత లెన్సు, క్రొత్త కెమెరా

పాత రవ్వలను క్రొత్త కమ్మలలో కట్టించుకొనుట మన యిండ్లలో నున్నదే. రవ్వ తరతరములు నిలుచును. కట్టడము కాలమును బట్టి మారును. ఫిలిము కెమెరానుండి డిజిటల్ కెమెరాకు మారదలచిన సోదరీమణులకు మేము చెప్పదలచిన దింతియే: లెన్సు రవ్వ, బాడీ కట్టడము. అంగడికి పోకముందే బీరువాలోని పాత లెన్సును తీసి వెలుతురునకు పట్టి చూడుడు. లోపల సాలెగూటివంటి ఫంగసు లేనిచో దానికి తగిన బాడీనే యెన్నుకొనుడు.

నికాన్ వారు 1959లో తెచ్చిన ఎఫ్ మౌంటునే తమ డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ బాడీలకును ఉంచిరి. అయినను, అమరిన లెన్సెల్ల సరిగా పనిచేయునని తలపరాదు. పాత ఎ.ఎఫ్.డి. లెన్సులను త్రిప్పెడి మోటారు డి3500, డి5600 బాడీలలో లేదు. ఫోకసు చేతితోనే చేసికొనవలయును. డి7200లో ఆ మోటారు కలదు. ఇవి యిప్పుడు తయారగుట లేదు గాన వాడినవానినే వెదకవలయును. కేనన్ వారు 1987లో మౌంటును మార్చిరి. అంతకు పూర్వపు ఎఫ్.డి. లెన్సులు వారి డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ బాడీలకు నేరుగా అమరవు. పిమ్మట వచ్చిన ఇ.ఎఫ్. లెన్సులు అమరును.

ఇక సెన్సారు కొలత. అరకులోయలో ధింసా ఆడు స్త్రీలు వీపుల వెనుక చేతులు పెనవేసికొని బారులు తీరుదురు. ఫిలిముపై ఆ బారునంతయు పట్టిన 50 మిల్లీమీటర్ల లెన్సు, నికాన్ చిన్న సెన్సారుపై 75 మిల్లీమీటర్ల లెన్సువలె చూపును. ఇరుప్రక్కల వారు చిత్రమునుండి జారిపోవుదురు. పూర్వపు చూపే కావలెనన్నచో 36×24 మిల్లీమీటర్ల ఫుల్‌ఫ్రేమ్ బాడీ వలయును. దాని వెల యెక్కువ. ఇంటి లెక్క చూచుకొనియే కొనుడు.

కొండలలో డిజిటల్ వలన మేలు లేకపోలేదు. బొర్రా గుహల చీకటికిని వెలుపలి యెండకును ఒకే ఫిలిము చాలదు. డిజిటల్‌లో ఐఎస్ఓను ప్రతి చిత్రమునకు మార్చుకొనవచ్చును. అనంతగిరి మంచును కెమెరా బూడిదరంగుగా చూపినచో, వెలుగును ఒక మెట్టు పెంచి అప్పుడే సరిచూచుకొనవచ్చును. ఏసీ కారు దిగగానే కెమెరాను తీయకుడు. సంచిలోనే కొంతసేపుంచినచో లెన్సుపై చెమ్మ పట్టదు. ఇల్లు చేరిన పిమ్మట సిలికా జెల్ వేసిన బిగువు డబ్బాలో పెట్టుడు.

అట్లని ఫిలిము బాడీని పాతసామానులవానికి వేయవలదు. ఒకే మౌంటు గల బాడీలు రెండున్నచో ఒకే లెన్సు రెండింటికిని పనికివచ్చును. ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940లలో తూర్పు కనుమల కొండరెడ్ల నడుమ ఫిలిముపై తీసిన చిత్రములు నేటికిని లండనులోని సోయాస్ సంస్థయందున్నవి. డిజిటల్ చిత్రమన్ననో రెండుచోట్ల దాచనిచో ఒక్క కార్డుతో పోవును.

ఏ కెమెరా పట్టినను కొండ స్త్రీని అడుగక ఆమె చిత్రము తీయరాదు. డిజిటల్ చేత నున్నచో తీసినది ఆమెకు వెంటనే చూపుడు; వలదన్నచో తుడిచివేయుడు. ఫిలిమైనచో ఊరి పేరు వ్రాసికొని, కడిగించిన పిమ్మట ఒక ప్రతిని పంపుడు. తన ముఖము ఎవరి యింటి గోడనెక్కినదో ఆమె యెరుగవలదా?