అరుంధతి బంగళా గోడ మీద...

‘అరుంధతి’ (2009) చూసి జడుసుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. తెరమీద గద్వాల కోటగా కనబడింది సెట్టింగు కాదండోయ్, బనగానపల్లె నవాబుగారి బంగళా! మొన్న వేసవిలో, పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ లాగించి వెళ్ళాను. అనుష్కా లేదు, పశుపతీ లేడు. గోడలనిండా బొగ్గుతో ప్రేమికుల పేర్లు! నాకసలు భయం వేసింది అప్పుడే. ఇంకో పదేళ్ళకి ఆ గోడలుంటాయా? కుర్రకారూ, వెళ్ళండి, ఫొటోలు దిగండి, బొగ్గుముక్క మాత్రం ముట్టుకోకండి.

అక్కణ్ణించి యాగంటి. కోనేట్లో మునక, కొండగుహలు, ఏటేటా పెరుగుతుందనే నంది. కాకులు రావంటారు, నాకైతే ఒక్కటీ కనబడలేదు.

తిరుగుదారిలో బంగినపల్లి మామిడి, 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన పండు, పుట్టినూళ్ళోనే! డజను కొన్నాను. నంద్యాల చేరేసరికి ఏడు మిగిలాయి.