వాయిదాలోని వాగ్దానము

“వాయిదా” అను మాట అరబ్బీ నుండి ఉర్దూ మీదుగా మన తెలుగునకు వచ్చినది. దాని మూలార్థము వాగ్దానము. మన కచేరీలలోను, అప్పుపత్రములలోను వాడుకపడి అది గడువనియు, గడువును ముందునకు జరుపుటయనియు అర్థములను సంతరించుకొన్నది. పరీక్షలు వాయిదా పడినవన్నచో విద్యార్థులు సంతోషింతురు. కాని అవి మరల రాక తప్పదని వారెరుగుదురు. వాయిదాకును రద్దునకును గల భేదమిదియే. ఈ భేదము మాసిపోయినచో ఏమగునో ఇటీవలి క్రీడాచరిత్రలోని ఒక ఘట్టము తెలుపుచున్నది.

2021 మార్చి, ఏప్రిలు మాసములలో ఆస్ట్రేలియా క్రికెట్ జట్టు దక్షిణాఫ్రికాకు వెళ్ళి మూడు టెస్టు మ్యాచీలు ఆడవలసియుండెను. ఫిబ్రవరి 2వ తేదీన ఆస్ట్రేలియా బోర్డు ఆ పర్యటనను వాయిదా వేసినట్లు ప్రకటించెను. క్రీడాకారుల ఆరోగ్యమునకు అంగీకరింపరాని ప్రమాదము కలదనుట ఆ బోర్డు చెప్పిన కారణము.

ఈ కారణమును తేలికగా త్రోసిపుచ్చరాదు. నాడు కోవిడ్ రెండవ విజృంభణము దక్షిణాఫ్రికాను పీడించియుండెను. తరువాత “బీటా” అని పేరొందిన వైరసు రూపము 2020 చివర బయటపడినది అచ్చటనే. టీకాలు వేయుట ఆ దేశమున ఇంకను ఆరంభము కాలేదు. అంతకు రెండు మాసములకు ముందు, డిసెంబరులో, ఇంగ్లాండు జట్టు ఒక్క వన్డే మ్యాచియైనను ఆడకయే అచ్చటి నుండి వెనుదిరిగియుండెను. ఆట ప్రాణముకన్న గొప్పది కాదు గదా!

అయినను రెండవ పక్షమునకును నోరు కలదు. ఆ డిసెంబరు, జనవరులలోనే శ్రీలంక జట్టు దక్షిణాఫ్రికాకు వచ్చి సెంచూరియనులోను, జొహానెస్‌బర్గులోను రెండు టెస్టులాడి వెళ్ళెను. ఆస్ట్రేలియా ప్రకటన వెలువడిన నాడు దక్షిణాఫ్రికా జట్టు పాకిస్తానులో నుండెను. పదునాలుగేండ్ల తరువాత ఆ దేశమున అది ఆడుచున్న పర్యటన అది. చిన్న బోర్డులు సాహసించిన చోట ధనికమైన బోర్డు ఆగిపోయినది. ఆతిథ్య దేశమునకు కలిగిన వ్యథ కేవలము అభిమానభంగము కాదు. క్రికెట్ బోర్డుల ఆదాయములో పెద్దభాగము ప్రసార హక్కుల వలన వచ్చును. భారత, ఇంగ్లాండు, ఆస్ట్రేలియా జట్లు వచ్చిననే తక్కిన దేశముల పెట్టెలు నిండును. కావున ఒకరికి వాయిదాయైనది మరియొకరికి దిగుబడి లేని సంవత్సరము.

ఆస్ట్రేలియాయును నష్టపోకపోలేదు. ప్రపంచ టెస్టు పోటీలో ఆడిన మ్యాచీలలో లభించిన పాయింట్ల శాతమునే లెక్కించుట 2020 నవంబరులో నిర్ణయమైనది. ఆ మూడు టెస్టులు ఆడనందున ఆస్ట్రేలియా తన శాతమును పెంచుకొను అవకాశమును కోల్పోయెను. న్యూజిలాండునకు తుదిపోరులో స్థానము ఖాయమయ్యెను. ఇంగ్లాండును 3-1గా గెలిచి భారతజట్టు తుదిపోరులో మిగిలిన స్థానమును పొందెను. ఆ జూన్‌లో సౌతాంప్టనులో న్యూజిలాండు విజేతయైనది.

ఆగక సాగిన పర్యటనలును మూల్యము చెల్లించినవే. 2020 నవంబరులో భారతజట్టుతో ఆస్ట్రేలియాలో నున్న మన హైదరాబాదు బౌలరు మహమ్మద్ సిరాజ్‌కు తండ్రి మరణవార్త అందెను. ఇంటికి మరలుటకు బోర్డు అవకాశమిచ్చినను అతడు జట్టుతోనే నిలిచెను. జనవరిలో బ్రిస్బేను టెస్టున ఒక ఇన్నింగ్సులో ఐదు వికెట్లు తీసెను. కాని తండ్రి కడచూపు అతనికి దక్కలేదు. కావున ఆగుట తప్పు, సాగుట ఒప్పు అని ఏకవాక్యముగా తీర్పు చెప్పుట తగదు.

తప్పు ఆగుటలో లేదు. ఆగిన పిదప జరిగిన దానిలో కలదు. ఆ మూడు టెస్టులు ఆ పోటీలో మరల జరుగనే లేదు. దక్షిణాఫ్రికా బోర్డు 2023 జనవరిలో సొంత ఇరువది ఓవర్ల లీగును ఆరంభించెను. ధనమునకై దానిపై ఆధారపడి, 2024 ఫిబ్రవరిలో ముఖ్య క్రీడాకారులను లీగునకు నిలుపుకొని, మునుపొక టెస్టైనను ఆడని నాయకుని క్రింద న్యూజిలాండునకు జట్టును పంపెను. ఒక్క వాయిదాయే దీనికి కారణమని చెప్పజాలము. కాని బీద బోర్డు ఎటు త్రోయబడుచున్నదో దీనివలన తెలియును. అట్టి దక్షిణాఫ్రికాయే 2025 జూన్‌లో లార్డ్స్ మైదానమున ఆస్ట్రేలియాను ఐదు వికెట్ల తేడాతో ఓడించి ప్రపంచ టెస్టు విజేత యగుట సంతోషకరము. అయినను విజయము బాకీని తీర్చదు.

మరల మహమ్మారి రావచ్చును, పర్యటనలు ఆగవచ్చును. అప్పుడు వాయిదా ప్రకటనతోపాటు మరల ఆడు గడువును నిర్ణయింపవలెను. నష్టమును అంతర్జాతీయ మండలి అందరికిని పంచవలెను. బలవంతుడు తాననుకొన్న నాడు ఆడుట, బలహీనుడు పిలిచిన నాడు రాకుండుట క్రీడాధర్మము కాదు. వాయిదా యను మాటలో వాగ్దానము దాగియున్నదని మన విద్యార్థులకు చెప్పుదము. వారు ఆ మాటను కోర్టులోనో, కార్యాలయములోనో, మైదానములోనో వాడునాడు దాని మూలార్థమును మరువకుందురు గాక!